గండికోటలో ఒక పగలు: తొమ్మిది మంది, ఒక ఫోటోగ్రాఫరు

కడప నుంచి గండికోటకు పోయి అదే రోజు రాత్రికి తిరిగొచ్చిన ఒక ఇంటివాళ్ల ప్రయాణం ఇది. జనవరి నెలాఖరు, ఆదివారం. చిన్నకొడుకు కువైట్ నుంచి నెల సెలవు మీద వచ్చాడు. తిరిగి విమానం ఎక్కేలోపు ఇంటిల్లిపాదీ ఒకచోట దొరికేది ఆ ఒక్క రోజే. అందుకే ఫోటోగ్రాఫరును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. 76 ఏళ్ల తాత, 72 ఏళ్ల అవ్వ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, 14, 9, 4 ఏళ్ల పిల్లలు ముగ్గురు. ఫోటోగ్రాఫరు, ఆయన అసిస్టెంటు, డ్రైవరుతో కలిపి బండిలో 12 మంది.

కొండ మీద విహారం ఒక పని, ఫోటోలు ఇంకో పని అనుకుంటే రెండూ చెడతాయి. వెలుగును బట్టి ఫోటోగ్రాఫరు టైము చెబుతాడు. అవ్వ మోకాళ్లు ఎంతసేపట్లో ఎంత దూరం పోగలవో దాన్ని బట్టి ఇంటివాళ్లు టైము చెప్పాలి. ఈ రెండో టైము సాధారణంగా ఎవరూ చెప్పరు. ఈ కేసులో చెడింది అక్కడే. సాయంత్రానికి బాగుపడింది కూడా దాన్ని సరిచేసుకున్నాకే.

చోటు, వెలుగు

జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కి.మీ. కడప నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా సుమారు 85 కి.మీ. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారిన చోటు అది. గండి పక్కన కోట కాబట్టి గండికోట. లోయ లోతు సుమారు 300 అడుగులు. ఆ రాయిని భూగర్భశాస్త్రంలో గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు, కడప బేసిన్‌లోని పొరల్లో అదొకటి. ఈ రాయి నెర్రెల వెంబడి పలకలుగా, దిమ్మెలుగా విరుగుతుంది. అందువల్ల అంచు దగ్గర నేల సమంగా ఉండదు. ఒక గుండు మీద నుంచి ఇంకో గుండు మీదికి కాలు సాచుకుంటూ పోవాలి. పైకి గట్టిగా కనిపించే పలక కింద బోలుగా ఉండొచ్చు, కాలు పెడితే ఊగొచ్చు. నున్నటి రాతి మీద సన్నటి ఇసుక ఉంటే రబ్బరు చెప్పులు జర్రున జారతాయి.

పెన్న మొత్తం మీద పడమటి నుంచి తూర్పుకు పారుతుంది, కోట కుడి గట్టున ఉంది. అంటే కోట వైపు నిలబడి లోయను చూస్తే ఎదురుగా కనిపించేది ఉత్తరపు గోడ. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం పక్కనే తిరుగుతాడు కాబట్టి ఆ ఎదుటి గోడ మీద వెలుగు పడుతుంది, మన కాళ్ల కింది గోడ నీడలో ఉంటుంది. ఫోటోగ్రాఫరుకు ఇది మంచి అనుకూలం, వెనకాల ఎర్రగా వెలిగే కొండ దొరుకుతుంది.

జనవరి నెలాఖరులో ఇక్కడ సూర్యోదయం 6:46 ప్రాంతంలో, సూర్యాస్తమయం 6:14 ప్రాంతంలో. సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు, సుమారు 18 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తాడు. జూన్‌లో తీసిన ఫోటో చూసి జనవరిలో అదే చోట నిలబడితే సూర్యుడు చట్రంలో ఉండడు. ఇంకో సంగతి: మన అక్షాంశంలో సూర్యుడు నిటారుగా పైకెక్కుతాడు, గంటకు సుమారు 14 డిగ్రీలు. మెత్తటి బంగారు వెలుగు గంటసేపు ఉంటుందని ఫోటోగ్రఫీ పాఠాల్లో చెబుతారు. ఇక్కడ అది 40 నిమిషాలకు మించదు. మొత్తం లెక్కంతా ఈ 40 నిమిషాల చుట్టూ తిరిగింది.

మాట్లాడుకున్నది

ఈ కేసులో కుదిరిన లెక్క ఇది. ఫోటోగ్రాఫరుకు 14,000, అసిస్టెంటుకు 1,500, 12 సీట్ల బండికి డీజిలుతో సహా 7,500, తిండికీ నీళ్లకూ 3,200. మొత్తం 26,200 రూపాయలు. ఆల్బమ్ వేరు. బయానా 4,000 ముందు, 6,000 కొండ దిగాక, మిగతాది ఫోటోలు చేతికొచ్చాక.

ధర కంటే ముఖ్యమైన మాటలు కొన్ని కాగితం మీద రాసుకున్నారు. ఎడిట్ చేసిన ఫోటోలు 100కు తగ్గకుండా 15 రోజుల్లో ఇవ్వాలి. కెమెరాకు రెండు కార్డుల సదుపాయం ఉండాలి, ప్రతి ఫోటో రెండింట్లోనూ పడాలి. టిఫినూ భోజనమూ ఇంటివాళ్లవే. సాయంత్రం ఏడు దాటితే గంటకు ఇంత అని ముందే అనుకోవాలి. ఇంటి ఆడవాళ్ల ఫోటోలు, పిల్లల ఫోటోలు ఫోటోగ్రాఫరు తన ప్రచారానికి ఎక్కడా పెట్టకూడదు, పెట్టాలంటే ఆ ఫోటో చూపించి అడగాలి. ఈ చివరి మాటను చాలామంది మొహమాటంతో వదిలేస్తారు. తర్వాత ఎవరి సెల్‌లోనో కోడలి ఫోటో కనిపించి ఇంట్లో గొడవవుతుంది. అడగడంలో తప్పేమీ లేదు, మంచి ఫోటోగ్రాఫరు ఎవరూ దానికి నొచ్చుకోరు.

డ్రోన్‌కు ఇంకో 3,000 అని ఫోటోగ్రాఫరు చెప్పాడు, వద్దన్నారు. సరైన నిర్ణయం. గండికోట కట్టడాలు కేంద్ర పురావస్తు సర్వే రక్షణలో ఉన్నవి. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే కానీ, రక్షిత కట్టడం దగ్గర కావలసిన అనుమతికి అది బదులు కాదు. పైగా లోయ అంచున గాలి కింది నుంచి పైకి తోస్తుంది. తేలికపాటి డ్రోన్ అక్కడ నిలవదు.

బేలం గుహలు కూడా అదే రోజు చూద్దామని పెద్దకొడుకు పట్టుబట్టాడు. గండికోట నుంచి సుమారు 60 కి.మీ. 3,229 మీటర్ల గుహలో సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కి.మీ. లోపల ఉక్క, తేమ. అవ్వాతాతలు ఆ నడక నడిచి, ఆ చెమటతో సాయంత్రానికి మళ్లీ కోటకు రాలేరు. చల్లటి ఏసీ బండిలోంచి ఆ తేమలోకి దిగిన కెమెరా అద్దం మీద ఆవిరి పడుతుంది, అది పోవడానికి 15, 20 నిమిషాలు. బేలం ఒక రోజు, గండికోట ఒక రోజు. రెండింటినీ ఒక పగట్లో కుక్కితే మిగిలేది బండిలో కూర్చోవడమే.

పొద్దున ఏం జరిగింది

అనుకున్నది: తెల్లవారుజామున 3:45కు బయల్దేరడం, 6:15కల్లా లోయ అంచుకు చేరడం. జరిగింది: 4:20కి బండి కదిలింది, ముద్దనూరు దగ్గర టీకి 20 నిమిషాలు ఆగింది, కోట లోపల బండి నిలిపేసరికి 6:40. అక్కడ్నుంచి అవ్వాతాతలు అంచు దగ్గరికి చేరేసరికి 7:08. సూర్యోదయం అయిపోయి 22 నిమిషాలు.

ఎవరి బద్ధకమూ కాదిది. వెనక్కి లెక్కపెట్టకపోవడం వల్ల వచ్చింది. 6:15కు అంచు దగ్గర ఉండాలంటే 5:45కు బండి దిగాలి. దానికి కడపలో 3:30కు కదలాలి. దానికి పట్టుచీర కట్టుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకునే ఆడవాళ్లు రెండింటికే లేవాలి. 72 ఏళ్ల అవ్వ రాత్రి రెండింటికి లేవాలన్న మాట ముందురోజు ఎవరైనా పైకి అని ఉంటే, పొద్దుటి ప్లానే మారిపోయేది. అనలేదు కాబట్టి అందరూ రాత్రి సరిగా నిద్రపోకుండానే లేచారు. నాలుగేళ్ల పాప బండిలో నిద్రపోయి అంచు దగ్గర ఏడుస్తూ లేచింది.

కాపాడింది ఒకటే: జాబితా. ఎవరెవరు కలిసి దిగాలో ముందే 11 వరుసలు రాసుకున్నారు. నిలబెట్టి, కొంగులు సర్ది, కళ్లు మూయకుండా మూడు నాలుగు తీయడానికి ఒక్కో వరుసకు మూడు నిమిషాలు పడుతుంది. 11 వరుసలకు 33 నిమిషాలు. మిగిలిన వెలుగు 20 నిమిషాలే. ఫోటోగ్రాఫరు జాబితాలో ఐదు వరుసలు మాత్రం ఉంచి మిగతావి సాయంత్రానికి తోశాడు: అందరూ కలిసి, అవ్వాతాతలు, అవ్వాతాతలతో మనవళ్లు, అన్నదమ్ములు, చిన్నకొడుకు సంసారం. జాబితా లేకుండా పోయినవాళ్లు ఈ పరిస్థితిలో మొదటి పదిహేను నిమిషాలూ పిల్లల సెల్ఫీలకు పోగొట్టుకుంటారు, పెద్దవాళ్ల వంతు వచ్చేసరికి ఎండ తెల్లబడుతుంది.

వరుసల్లో ముందు పెద్దవాళ్లు, తర్వాత చిన్నపిల్లలు, చివర దంపతులు. పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడలేరు, పిల్లలు ఎక్కువసేపు నవ్వలేరు. దంపతులు మాత్రం ఆగగలరు.

అంచు దగ్గర

దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాం, ఇస్తేనే న్యాయం. గండికోట లోయ అంచున చాలా దూరం కంచె లేదు.

కొండ అంచు ఫోటోల్లో ప్రమాదం తెచ్చే మాట ఒకటుంది: "ఇంకాస్త వెనక్కి." చట్రం సరిపోక ఫోటోగ్రాఫరు అంటాడు, వీపు లోయ వైపు పెట్టి నిలబడ్డ మనిషి చూడకుండా అడుగు వెనక్కి వేస్తాడు. ఆ మాట ఆ రోజు ఎవరి నోటా రాకూడదని బయల్దేరేముందే అనుకున్నారు. మనుషులు నిలబడ్డ చోటే నిలబడతారు, కదిలేది ఫోటోగ్రాఫరే. అంచుకు 4 మీటర్లు ఇవతల నేల మీద 10 మీటర్ల కొబ్బరితాడు పరిచి, రెండు కొసల మీదా రాయి పెట్టారు. తాడు దాటి ఎవరూ పోకూడదు. రాతి మీద సుద్దతోనో రంగుతోనో గీత గీయకూడదు, అది రక్షిత స్థలం. తాడైతే చుట్టి తెచ్చుకోవచ్చు.

"అంత దూరం నిలబడితే లోయ ఎట్లా కనబడుతుంది?" అని చిన్నకొడుకు అడిగాడు. దీనికి జవాబు లెన్సులో ఉంది. వైడ్ లెన్సుతో, అంటే 16, 20 మి.మీ.తో, దగ్గరగా తీస్తే మనుషులు పెద్దగా, వెనక కొండ గోడ చిన్న గీతలా వస్తుంది. అందుకే జనం లోయ కనబడాలని అంచు మీదికి పోతారు. అదే 85 మి.మీ. లెన్సుతో ఫోటోగ్రాఫరు 12 మీటర్లు వెనక్కి పోయి, అడుగు రెండడుగులు ఎత్తున్న గుండు ఎక్కి తీస్తే, ఎదుటి గోడ మనుషుల వెనకాలే నిలబడ్డట్టు పెద్దగా వస్తుంది. 12 మీటర్ల దూరంలో ఆ లెన్సుకు సుమారు 5 మీటర్ల వెడల్పు పడుతుంది, 9 మంది రెండు వరుసల్లో హాయిగా సరిపోతారు. క్షేమమూ అదే, అందమైన ఫోటో కూడా అదే. ఈ ఒక్క సంగతి ఫోటోగ్రాఫరుకు తెలుసో లేదో మాట్లాడుకునే రోజే అడగాలి. "లోయ దగ్గర గ్రూపు ఏ లెన్సుతో తీస్తారు?" అంటే చాలు. అదే రకం చోట ఆయన ఇంతకుముందు తీసిన ఫోటోల్లో మనుషులు ఎక్కడ నిలబడ్డారో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

సెట్టింగులు: గ్రూపుకు ఎఫ్ 5.6 (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో), 1/125 సెకను (షట్టరు ఎంతసేపు తెరవాలో), ఐఎస్ఓ 100 (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో). సూర్యుడు మనుషుల వెనక పక్కగా ఉండేట్టు నిలబెట్టారు, ఎదురుగా ఉంటే అవ్వ కళ్లు మూసుకుపోతాయి, అద్దాలు పెట్టుకున్న తాత కళ్లజోడు మెరుస్తుంది. వెనక వెలుగుంటే ముఖం నీడలో పడుతుంది కాబట్టి ఫ్లాష్ కావాలి. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఫ్లాష్‌ను కెమెరా మీదే ఉంచడం. 12 మీటర్ల దూరానికి అది పూర్తి బలంతో కొట్టినా చాలదు. అసిస్టెంటు దాన్ని చేత్తో పట్టుకుని మనుషులకు 3 మీటర్ల దూరంలో, తల ఎత్తుకు కాస్త పైన నిలబడాలి, తీగ లేకుండా కెమెరా నుంచే ఫ్లాష్‌ను వెలిగించే రేడియో ట్రిగ్గరుతో అది వెలగాలి. గైడ్ నంబరు (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 36 ఉన్న ఫ్లాష్‌కు పావు బలం సరిపోతుంది. అసిస్టెంటుకు ఇచ్చిన 1,500 దీనికోసమే. అతను నిలబడే చోటు కూడా తాడుకు ఇవతలే ఉండాలి.

ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గొడుగు లాంటి డిఫ్యూజర్ అంచు దగ్గర వాడకూడదు. గాలికి తెరచాపలా లాగుతుంది, పట్టుకున్నవాణ్ణి కూడా లాగుతుంది. అసిస్టెంటు ఒక్కసారి తెరిచి చూసి వెంటనే మూసేశాడు, 30 సెం.మీ. చిన్న బట్ట పెట్టెతో సరిపెట్టాడు.

రంగు గురించి ఒక మాట. ఆ ఎర్రటి రాయి మీద పడి తిరిగొచ్చే వెలుగు ముఖాల మీద ఎరుపు పూస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే కెమెరాలో రంగులు సరిచేసే సెట్టింగును, ఆటోలో వదిలితే ఒక ఫోటోలో అవ్వ పసుపుగా, పక్క ఫోటోలో నీలంగా వస్తుంది. 5,400 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టి, మిగతాది ఎడిటింగ్‌లో సరిచేస్తే వరుస ఫోటోలన్నీ ఒకే రంగులో ఉంటాయి.

పాప చెయ్యి వదలకుండా పట్టుకునే పని పెద్దకోడలిది, ఆమె దిగే వరుసలో పెద్దమనవరాలిది. చెయ్యి మారేటప్పుడు "తీసుకుంటిని" అని పైకి అనాలి. "నువ్వు పట్టుకున్నావనుకుంటిని" అన్న మాటకు అక్కడ చోటు లేదు. కొంగులన్నిటికీ భుజం దగ్గరా నడుం దగ్గరా పిన్నులు. చెప్పులు మార్చుకునేది తాడు దగ్గర కాదు, బండి దగ్గరే. కోడళ్లిద్దరూ పట్టుచీర కింద కాన్వాసు బూట్లు వేసుకున్నారు, పాదాలు కనబడే ఫోటోలు రెండే రెండు.

మధ్యాహ్నం

తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా అంచు దగ్గర పనేమీ లేదు. నడినెత్తి మీది ఎండలో కనుగుంతలు నల్లబడతాయి, రాయి కాలుతుంది. చాలామంది ఫోటోగ్రాఫరుకు రోజు కూలి ఇచ్చాం కదా అని ఆ ఎండలోనూ తీయిస్తారు. ఆ ఫోటోలు ఆల్బమ్‌లోకి ఎక్కవు, మనుషులు మాత్రం సాయంత్రానికి వాడిపోతారు.

పొద్దుటి టిఫిను ఉగ్గాని, బజ్జీ, ఇంటి నుంచి తెచ్చుకున్నవే. ప్రయాణానికి ఉగ్గానిని మించింది లేదు, చట్నీ కారదు, చల్లారినా బాగుంటుంది. కారం దోసె మనకెంత ఇష్టమైనా ఫోటోల రోజున వద్దు. ఆ ఎర్రకారం పట్టుచీర మీద పడితే ఎడిటింగ్‌లో పోదు. మధ్యాహ్నానికి చిత్రాన్నం, పెరుగన్నం. నీళ్లు 20 లీటర్ల క్యాన్లు రెండు, మనిషికి మూడు లీటర్ల పైనే. ఓఆర్ఎస్ పొట్లాలు 10, ఒక్కో పొట్లం దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు కంటే కీడు ఎక్కువ. చేతిలో చిల్లరతో పాటు నగదు 3,000, సెల్ సిగ్నల్‌నూ ఫోన్ చెల్లింపులనూ నమ్ముకుని అక్కడికి పోకూడదు. ఆడవాళ్లకూ పెద్దవాళ్లకూ మరుగుదొడ్డి ఎక్కడన్నది ముందే చూసుకోవాలి. ఇది అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగకుండా ఉండేవాళ్లు ఎండకు పడిపోతారు. ఈ ఇంటివాళ్లు పర్యాటక శాఖ హరిత హోటల్లో ఒక గది పగటికి తీసుకుని ఉంటే బాగుండేది. ఆ ఖర్చు మిగిల్చారు, అవ్వ నడుము పట్టేసింది.

పదకొండు నుంచి ఒంటి గంట దాకా మాధవరాయస్వామి గుడి. ఎండ పనికొచ్చింది ఇక్కడే. రాతి స్తంభాల మండపంలో, చూరు అంచుకు ఒకటిన్నర మీటరు లోపల మనిషిని బయటికి ముఖం పెట్టి కూర్చోబెడితే, ఎండ పడిన రాతినేల కింది నుంచి మెత్తటి వెలుగును ముఖం మీదికి కొడుతుంది. వెనక స్తంభాలు నల్లగా ఒదిగిపోతాయి. ఫ్లాష్ అక్కర్లేదు. ఎఫ్ 2.8, 1/250, ఐఎస్ఓ 200 నుంచి 400. రెండు మడత స్టూళ్లు తెచ్చుకోవడం వల్ల అవ్వాతాతలు కూర్చునే ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా పది నిమిషాలు ఇచ్చారు. అవ్వ కమ్మలు సర్దుకుంటున్నప్పుడు తీసిన ఒక ఫోటో ఉంది, ఈ ప్రయాణం మొత్తానికి ఆ ఒక్కటి వచ్చినా చాలు. పెద్దవాళ్ల ఒంటరి ఫోటో అడిగి తీయించుకునే ఇళ్లు తక్కువ. గ్రూపుల హడావిడిలో అది మరుగున పడుతుంది. జాబితాలో దాన్ని విడిగా రాయాలి.

అక్కడే ఒక అడ్డంకి. ఫోటోగ్రాఫరు ట్రైపాడ్ తీయగానే కాపలా మనిషి వద్దన్నాడు. చేతి కెమెరాకు అభ్యంతరం లేదు కానీ, రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్‌కూ లైటు స్టాండ్‌కూ పురావస్తు సర్వే ముందస్తు అనుమతి కావాలి. తప్పు కాపలా మనిషిది కాదు, అనుమతి అడగనివాళ్లది. వాదించకుండా మూసేసి చేత్తోనే తీశారు. ఈ పనికి ట్రైపాడ్ లేకపోయినా నష్టం లేదు. జామియా మసీదు దగ్గర ముందు అక్కడున్నవాళ్లను అడిగి, చెప్పులు బయట వదిలి, తలమీద కొంగు వేసుకుని రెండే ఫోటోలు తీసుకున్నారు.

ఒంటి గంట నుంచి మూడున్నర దాకా విశ్రాంతి. ఫోటోగ్రాఫరుకు కూడా. ఆ సమయంలో ఆయన కార్డులోని ఫోటోలను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, బ్యాటరీలు మార్చుకున్నాడు. పిల్లలకు తాత కోట కథలు చెప్పాడు: పెమ్మసాని నాయకులు ఏలిన సంగతి, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఇంత దూరం వచ్చిన సంగతి. తాత చెయ్యెత్తి బురుజు చూపిస్తుంటే పిల్లలు అటు చూస్తున్న ఫోటో అసిస్టెంటు తన చిన్న కెమెరాతో తీశాడు. అది జాబితాలో లేదు.

సాయంత్రం

ఈసారి లెక్క వెనక్కి పెట్టారు. సూర్యాస్తమయం 6:14, మెత్తటి వెలుగు 5:30 నుంచి. అవ్వ నడకకు పొద్దున 28 నిమిషాలు పట్టింది కాబట్టి 4:40కే గుడి దగ్గర నుంచి కదిలారు. దారిలో రెండుసార్లు స్టూలు వేసి కూర్చోబెట్టారు. 5:20కి తాడు పరిచి ఉంది, నీళ్లు తాగి, ముఖాలు తుడుచుకుని, వరుస సర్దుకుని ఉన్నారు. పొద్దున పోయిన ఆరు వరుసలూ, అందరూ కలిసింది మళ్లీ ఒకసారీ, 25 నిమిషాల్లో అయిపోయాయి. పొద్దుటికీ సాయంత్రానికీ ముఖాల్లో తేడా ఎవరికైనా తెలుస్తుంది. పొద్దున నిద్రకళ్లు, సాయంత్రం మాటలు.

ఆదివారం కాబట్టి జనం ఎక్కువ. బాగా పేరుపడ్డ గుండు దగ్గర వరుస కట్టి ఉన్నారు. ఫోటోగ్రాఫరు అక్కడికి పోకుండా మధ్యాహ్నమే ఒంటరిగా వెళ్లి, 150 అడుగులు పక్కన వెడల్పైన చదును ఒకటి చూసిపెట్టుకున్నాడు. లోయ అదే, గోడ అదే, ఫోటోలోకి పరాయి మనిషి రాడు. రాయి ఊగుతుందో లేదో కూడా అప్పుడే తొక్కి చూశాడు.

6:20కి అందరూ గుండ్ల మీద నుంచి దిగిపోవాలన్నది ముందే పెట్టుకున్న గడువు. సూర్యుడు దిగాక చూపు ఆనే వెలుగు 20 నిమిషాలకు పైన కొంచెమే. అవ్వ నడకకు అది చాలదు, అందుకే అవ్వాతాతలు చిన్నకొడుకుతో 5:50కే వెనక్కి బయల్దేరారు. సూర్యాస్తమయం ఫోటోలో వాళ్లు లేరు. చిన్నకొడుకు అందులో లేకపోవడం చిన్నకోడలికి బాధనిపించింది. వేరేవాళ్లు తోడు పోయి ఉండొచ్చు, ఆ పని ఎవరిదో జాబితాలో రాసి ఉండాల్సింది. టార్చిలైట్లు నాలుగు ఉన్నాయి, రెండు వాడారు.

లెక్క, ఆల్బమ్

మొత్తం తీసినవి 1,340. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు (ఎడిటింగ్ కోసం కెమెరా దాచే మూల ఫైలు) 28 ఎంబీ దాకా వస్తుంది, అంటే సుమారు 38 జీబీ. 64 జీబీ కార్డులు సరిపోయాయి. 13వ రోజుకు 118 ఫోటోలు చేతికొచ్చాయి: పొద్దుటివి 19, మండపంవి 37, సాయంత్రానివి 62. రాత్రి రెండింటికి లేచిన కష్టానికి దక్కింది 19.

ఆల్బమ్ షీటు మనకు అలవాటైన 12×36 అంగుళాలు. లోయ అడ్డంగా ఒక షీటంతా రావాలని పెద్దకొడుకు కోరిక. 24 మెగాపిక్సెళ్ల ఒక్క ఫోటోను అంత పొడవుకు కోస్తే అంగుళానికి 167 పిక్సెళ్లే దక్కుతాయి, దగ్గరగా చూస్తే పలచగా కనిపిస్తుంది. అందుకే ఫోటోగ్రాఫరు కెమెరాను నిలువుగా పట్టి, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేట్టు 5 ఫోటోలు తీసి కలిపాడు. సుమారు 15,000 పిక్సెళ్ల వెడల్పు వచ్చింది, అంగుళానికి 300 చొప్పున షీటుకు కావలసింది 10,800. ఇలా తీసేటప్పుడు ఎక్స్‌పోజరూ ఫోకసూ చేత్తో స్థిరపరచాలి, లేకపోతే అతుకులు కనిపిస్తాయి. మనుషులు లేకుండా తీయాలి, కదిలే కొంగు అతుకు దగ్గర రెండుగా తెగుతుంది. పెన్‌డ్రైవ్‌లు రెండు చేయించుకున్నారు, ఒకటి కడప ఇంట్లో, ఇంకొకటి కువైట్‌కు.

పెద్దవాళ్లు ఉన్న ఇంటికి ఇదే రోజును మళ్లీ వేయాల్సి వస్తే పొద్దుటి వెలుగును పూర్తిగా వదిలేయాలి. సూర్యోదయం కావాలంటే ముందురాత్రే గండికోటలోనో జమ్మలమడుగులోనో పడుకోవాలి, కడప నుంచి కాదు. ఒక పగట్లోనే తేలాలంటే ఇంట్లో టిఫిను తిని పదింటికి కదలాలి. పన్నెండున్నరకు గుడి మండపం, రెండింటికి భోజనం, నాలుగున్నర దాకా గదిలో నడుము వాల్చడం, 5:20కి తాడు దగ్గర. ఫోటోగ్రాఫరుకు రోజు కూలి బదులు అరరోజు కూలి చాలు. మిగిలిన డబ్బుతో రెండో అసిస్టెంటును పెట్టుకుంటే 5:50కి అవ్వ చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించడానికి ఒక మనిషి ఉంటాడు, చిన్నకొడుకు సూర్యాస్తమయం ఫోటోలో ఉంటాడు.